చికెన్ తినేవాళ్లే అడగాల్సిన ప్రశ్న

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లు కుప్పలుతెప్పలుగా చనిపోయాయి. తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం ఫారాల నుంచి నమూనాలు తీసి భోపాల్ ల్యాబ్‌కు పంపితే బర్డ్ ఫ్లూ అని తేలింది. కిలోమీటరు పరిధిలో మిగిలిన కోళ్లన్నిటినీ చంపి పూడ్చిపెట్టమన్నారు, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టారు. తెలంగాణ సరిహద్దు చెక్‌పోస్టుల్లో ఆంధ్రా కోళ్ల లారీలను వెనక్కి తిప్పి పంపారు. టీవీల్లో మాత్రం ఒకటే చర్చ: చికెన్ తినొచ్చా, తినకూడదా? బాగా ఉడికిస్తే వైరస్ చచ్చిపోతుంది, భయం లేదని డాక్టర్లు చెప్పారు. అది నిజమే. జనంలో భయం పోగొట్టడానికి ఊరూరా చికెన్ మేళాలు పెట్టి ఉచితంగా వండి పెడితే క్యూలు కట్టి మరీ తిన్నారు. కొన్నాళ్లకు ధర కోలుకుంది, చర్చ అక్కడితో అయిపోయింది.

ఒక రోగం ఒక్క షెడ్డులో వేలాది కోళ్లను రోజుల్లోనే ఎలా ఊడ్చిపెట్టిందన్న ప్రశ్న మాత్రం ఆ చర్చల్లో పెద్దగా రాలేదు. పెరట్లో పది కోళ్లున్న ఇంటికీ కొక్కెర తెగులు వచ్చేది, కోళ్లు చచ్చేవి. కానీ ఒకే జాతి, ఒకే వయసు కోళ్లను వేలల్లో ఒకే కప్పు కింద, ఒకదాని ఊపిరి ఇంకోదానికి తగిలేంత దగ్గరగా పెట్టడం మనం గత యాభై ఏళ్లలో చేసిన పని. దీన్నే ఫ్యాక్టరీ ఫార్మింగ్ అంటున్నారు. తెలుగు రాష్ట్రాల్లో దాని అసలు రూపం కోళ్ల ఫారమే.

ముందుగా ఒకటి తేల్చుకోవాలి. మన దేశంలో ఈ విషయం ఎత్తగానే శాకాహార ప్రచారం అనుకుంటారు. అలా అనుకోవడానికి కారణం లేకపోలేదు. బడి పిల్లల పళ్లెంలో గుడ్డు పెట్టనివ్వని రాష్ట్రాలు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ అడ్డం పడేవాళ్లు చాలాసార్లు జీవకారుణ్యం పేరే చెబుతారు. పేద పిల్లవాడి నోటి దగ్గర గుడ్డు లాక్కునే కరుణతో ఈ వాదనకు సంబంధం లేదు. 2014 నాటి కేంద్ర ప్రభుత్వ నమూనా సర్వే లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 98 శాతానికి పైగా జనం మాంసాహారులు. ఇలాంటి చోట కోళ్లను ఎలా పెంచుతున్నారో అడగాల్సింది ఆ రెండు శాతం కాదు. ఆదివారం పొద్దున్నే సంచి పట్టుకుని చికెన్ సెంటర్ ముందు నిలబడేవాళ్లు అడగాలి. తినేది వాళ్లు, డబ్బిచ్చేది వాళ్లు, రేపు రోగం వస్తే ముందు పడేదీ వాళ్లే.

గుడ్డుతో మొదలుపెడదాం. 2023-24లో దేశంలో దాదాపు 14,277 కోట్ల గుడ్లు ఉత్పత్తయ్యాయి. అందులో దాదాపు 18 శాతంతో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. తెలంగాణ మరో 13 శాతం. అంటే దేశంలో తినే ప్రతి పది గుడ్లలో మూడు మన దగ్గర నుంచే వెళ్తున్నాయి. చిత్రం ఏమిటంటే చాలామందికి కోళ్ల ఫారం అనగానే నేల మీద ఊక పోసి తెల్లకోళ్లు తిరిగే షెడ్డే గుర్తొస్తుంది. అది మాంసం కోళ్ల షెడ్డు. గుడ్ల కోళ్లలో ఎక్కువ భాగం బతుకంతా నేలే తొక్కవు. ఇనుప తీగల కేజ్‌లో, ఏటవాలుగా ఉన్న తీగల మీదే నిలబడతాయి. పెట్టిన గుడ్డు ఆ వాలు మీద ముందుకు దొర్లి తొట్టిలో పడుతుంది. రెట్ట కిందికి రాలి నెలల తరబడి అక్కడే గుట్టలా పేరుకుంటుంది.

కేజ్‌లో ఒక్కో కోడికి లెక్క కట్టే చోటు 450 చదరపు సెంటీమీటర్లు. చాలా ఫారాల్లో అదీ ఉండదు. ఏ4 కాగితం పరిస్తే అందులో ముప్పావు వంతు కూడా కాదు. కోడి ఊరికే నిలబడటానికే సగటున 475 చదరపు సెంటీమీటర్లు, వెనక్కి తిరగాలంటే దాదాపు 1,270 కావాలని బ్రిటన్‌లో 1989లోనే కొలిచి చెప్పారు. రెక్కలు ఆడించాలంటే ఇంకా కావాలి. కోడిని పెంచినవాళ్లకు ఈ కొలతలు కూడా అక్కర్లేదు. గుడ్డు పెట్టే ముందు పెట్ట ఎంత హడావుడి చేస్తుందో, గంప కిందో గడ్డివాములోనో మూల వెతుక్కునే దాకా ఎలా కాలు నిలవదో వాళ్లు చూసే ఉంటారు. మట్టిలో పొర్లడం, కాలితో గెలుకుతూ ఏరుకు తినడం, పొద్దుగూకితే ఎత్తుకు ఎక్కి కూర్చోవడం, ఇవన్నీ దానికి పుట్టుకతో వచ్చినవి. కేజ్‌లో పుట్టి పెరిగినా ఆ తపన పోదు. మూల లేకపోయినా రోజూ మూల వెతుకుతుంది. పక్క కోళ్లను పొడిచి చంపకుండా చిన్నప్పుడే వేడి బ్లేడుతో ముక్కు కొన కత్తిరిస్తారు. ముక్కంటే గోరులాంటిది కాదు, అందులో నరాలుంటాయి. నొప్పి పుడుతుంది.

నాటుకోడి ఏడాదికి యాభై, అరవై గుడ్లు పెడుతుంది. గుడ్ల కోసమే పెంచే లేయర్ కోడి మూడు వందలు దాటి పెడుతుంది. ఒక్కో పెంకుకు దాదాపు రెండు గ్రాముల కాల్షియం కావాలి. దాణాలో వచ్చింది చాలకపోతే కోడి తన ఎముకల్లోంచి తీసి పెంకు కడుతుంది. నడక లేదు, ఎగరడం లేదు కాబట్టి ఎముకకు బలం మిగలదు. అందుకే ఏడాదిన్నర దాటాక కేజ్ నుంచి బయటికి లాగేటప్పుడు రెక్కలూ కాళ్లూ పుటుక్కున విరుగుతాయి. గుడ్లు తగ్గిన ఆ కోళ్లే లేయర్ చికెన్ పేరుతో తక్కువ ధరకు అమ్ముడవుతాయి.

మరి వీటితోపాటు పొదిగిన మగ పిల్లలేమయ్యాయి? ఈ జాతి పుంజు గుడ్డు పెట్టదు, మాంసానికీ త్వరగా పెరగదు. అందుకని హేచరీలో పుట్టిన రోజే పిల్లల్ని చేత్తో వేరు చేసి మగవాటిని చంపేస్తారు. ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 700 కోట్ల పిల్లలు ఇలా పోతున్నాయని అంచనా. జాతరల్లో, బడుల ముందు గంపల్లో పెట్టి గులాబీ, ఆకుపచ్చ రంగులద్ది అమ్మే కోడిపిల్లల్లో చాలా భాగం ఇవే. పిల్లలు ముచ్చటపడి ఇంటికి తెచ్చుకుంటారు, నాలుగు రోజుల్లో చచ్చిపోతాయి. జర్మనీ 2022 నుంచి మగ పిల్లల్ని చంపడాన్ని చట్టంతో ఆపేసింది. మన దగ్గర అది పెద్దగా చర్చకు రాలేదు.

మాంసం కోళ్ల కథ వేరు. వాటికి కేజ్ లేదు, కానీ వాటి ఒళ్లే వాటికి బరువు. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో పాత జాతుల్నీ కొత్త జాతినీ ఒకే దాణా పెట్టి పెంచి చూశారు. 1957 నాటి జాతి కోడి 56 రోజులకు 905 గ్రాములు తూగితే, 2005 నాటిది అదే వయసుకు 4,200 గ్రాములు దాటింది. మన దగ్గర 40 రోజుల అటూ ఇటూగా రెండు కిలోల కోడిని లారీ ఎక్కిస్తారు. వయసు ప్రకారం అది ఇంకా పిల్లే. కాళ్లు ఆ బరువు మోయలేవు, గుండె ఆ ఒంటికి చాలదు. అందుకే చివరి రోజుల్లో చాలా కోళ్లు దాణా తొట్టి దాకా కుంటుతూ వెళ్తాయి, మిగతా సమయమంతా తడిసిన ఊక మీద కూలబడి ఉంటాయి. మే నెల వడగాలికి షెడ్డు చుట్టూ తడి గోనెలు కట్టి, నీటి తుంపరలు చిమ్మే ఫాగర్లు తిప్పినా మధ్యాహ్నానికి వరసగా పడిపోయేది ఈ బరువెక్కిన కోళ్లే.

ఇంత వేగంగా పెరగడానికి హార్మోన్ ఇంజెక్షన్లే కారణమని మన వాట్సాప్ గ్రూపుల్లో ఏళ్ల తరబడి తిరుగుతోంది. ఆడపిల్లలు చిన్న వయసులోనే పెద్దమనిషి కావడానికి బాయిలర్ కోడే కారణమనే మాట దీన్నుంచే పుట్టింది. అది అబద్ధం. వేల కోళ్లను ఒక్కొక్కటిగా పట్టుకుని రోజూ ఇంజెక్షన్ పొడవడం ఏ రైతు వల్లా కాదు, దాని అవసరమూ లేదు. తరాల తరబడి జాతిని ఎంచి ఎంచి తయారు చేసిందే ఆ వేగం. ఈ పుకారు వల్ల జరిగిన అసలు నష్టం ఏమిటంటే, లేని హార్మోన్ గురించి అందరూ భయపడతారు, ఉన్న యాంటీబయాటిక్ గురించి ఎవరూ అడగరు.

యాంటీబయాటిక్ సంగతి కాస్త వివరంగా చూడాలి. కిక్కిరిసిన షెడ్డులో ఒక కోడికి జబ్బు చేస్తే దాన్ని వేరు చేసి మందు వేయడం కుదరదు. అందుకే మొత్తం షెడ్డు తాగే నీళ్లలోనే మందు కలుపుతారు. జబ్బు వచ్చాక కలపడం ఒకటి, రాకుండా ముందే కలపడం ఇంకొకటి, త్వరగా బరువు పెరగడానికి దాణాలోనే కొద్దికొద్దిగా కలపడం మరొకటి. చివరి రెండూ ఎక్కువ ప్రమాదం. తక్కువ మోతాదులో మందు తగులుతూ ఉంటే బలహీన బ్యాక్టీరియా చచ్చి, తట్టుకున్నవి మిగిలి, అవే పెరుగుతాయి. 2014లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ రాజధాని ప్రాంతంలో 70 కోడిమాంసం నమూనాలు పరీక్షిస్తే 40 శాతంలో యాంటీబయాటిక్ అవశేషాలు దొరికాయి.

కొలిస్టిన్ అనే మందుంది. ఐసీయూలో మిగతా మందులేవీ పనిచేయనప్పుడు డాక్టర్లు చివరగా వాడేది. అదే మందును కోళ్ల దాణాలో బరువు పెరగడానికి కలిపారు. ఆ మందుకు లొంగకుండా చేసే జన్యువు ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి సులువుగా పాకుతోందని 2015లో చైనా శాస్త్రవేత్తలు బయటపెట్టారు. పందుల్లో, మాంసంలో, ఆసుపత్రి రోగుల్లో కూడా అది దొరికింది. మన కేంద్ర ప్రభుత్వం 2019 జూలైలో తిండి కోసం పెంచే జంతువులకు కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. మంచి నిర్ణయమే. మిగతా మందుల మాటేమిటి, షెడ్డుల్లో చూసేదెవరు అన్నది మాత్రం అలాగే ఉంది.

మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా 2019 ఒక్క ఏడాదిలో ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఆ పాపమంతా కోళ్ల ఫారాలదే అనడం న్యాయం కాదు. జలుబుకు కూడా చీటీ లేకుండా యాంటీబయాటిక్ ఇచ్చే మెడికల్ షాపు, సగం కోర్సు వాడి ఆపేసే మనం, అందరం అందులో ఉన్నాం. తేడా ఒకటే. మనిషి వాడేది రోగం తగ్గడానికి, ఫారంలో ముందే కలిపేది కిక్కిరిసిన షెడ్డు కుప్పకూలకుండా నిలబెట్టడానికి. ఉడికిస్తే బ్యాక్టీరియా చస్తుంది కదా అంటారు. చస్తుంది. కానీ పచ్చి మాంసం కడిగిన చేతికి, కోసిన పీటకు, ఎరువుగా పొలానికి వెళ్లిన రెట్టకు ఆ ఉడుకు లేదు. కృష్ణా, ఏలూరు జిల్లాల్లో కోడి పేగులూ వ్యర్థాలూ చేపల చెరువుల్లోకి మేతగా పోతున్నాయి. నిషేధం ఉంది, పోలీసులు అప్పుడప్పుడు వ్యాన్లు పట్టుకుంటారు, మళ్లీ మామూలే. షెడ్డులో మొదలైంది చెరువు దాటి మళ్లీ మన పళ్లెం దాకా వస్తోంది.

బర్డ్ ఫ్లూ విషయంలో పరిశ్రమ చెప్పే మాట వలస పక్షులు తెస్తున్నాయని. అందులో నిజముంది. ఆరుబయట తిరిగే కోడికి ఆ పక్షుల రెట్ట తగిలే అవకాశం ఎక్కువన్నదీ నిజమే. అయితే మామూలు ఫ్లూ వైరస్ కోళ్లను ఊడ్చేసే రకంగా మారేది ఎక్కువగా ఎక్కడో కూడా చూడాలి. అలాంటి మార్పులు నమోదైన 39 సందర్భాల్ని 2018లో పరిశోధకులు పరిశీలిస్తే, రెండు తప్ప అన్నీ వాణిజ్య ఫారాల్లోనే జరిగాయని తేలింది. కొత్త రకం పుట్టిందంటే వ్యాపించడానికి పక్కనే వేల ఒళ్లు సిద్ధంగా ఉంటాయి. 1997లో హాంకాంగ్‌లో హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్ మొదటిసారి మనుషులకు సోకి 18 మందిలో ఆరుగురిని బలిగొంది. 2025 మార్చిలో మన పల్నాడు జిల్లాలోనూ ఈ వైరస్‌తో ఒక చిన్నారి ప్రాణం పోయింది. అది పచ్చి మాంసం వల్ల అని వార్తలొచ్చాయి, షెడ్డు వల్ల అని కాదు. వైరస్ ఇప్పటికీ మనిషి నుంచి మనిషికి సులువుగా పాకడం లేదు. పాకే రకంగా మారడానికి దానికి ఎన్ని అవకాశాలిస్తామన్నదే మన చేతిలో ఉన్నది.

ఈగల సంగతి ఫారం పక్కన ఊళ్లో ఉన్నవాళ్లనడగాలి. అన్నం కంచం మీద మూత తీయనివ్వవు. పసిపిల్లల్ని పగలు కూడా దోమతెరలో పడుకోబెడతారు. వాన పడితే రెట్ట కంపుకు తలుపులు మూసుకోవాలి. పంచాయతీలో, కలెక్టరేట్‌లో ఎన్ని అర్జీలు పెట్టినా ఏళ్ల తరబడి ఫలితం లేకపోవడానికి ఒక కారణముంది. లక్ష కోళ్ల లోపు ఫారాలకు కాలుష్య నియంత్రణ అనుమతే అక్కర్లేదన్నట్టు నడిచింది. 2020లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దీన్ని తప్పుపట్టాకే, 5,000 కోళ్లు దాటిన ఫారాల్ని కూడా అనుమతుల పరిధిలోకి తెచ్చే మార్గదర్శకాలు వచ్చాయి. కాగితం మీద ఉన్నది ఊరి దాకా రావడానికి ఎంతకాలం పడుతుందో మనకు తెలియనిది కాదు.

ఇంత చెప్పాక నేరమంతా రైతు మీద పడుతుందేమో. అది అన్యాయం అవుతుంది. మాంసం కోళ్లలో ఇప్పుడు చాలావరకు ఇంటిగ్రేషన్ పద్ధతే. పిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, నీళ్లు, చాకిరీ రైతువి. కోడి కంపెనీదే, చచ్చిన కోడి లెక్క మాత్రం రైతు ఖాతాలోంచి పోతుంది. కిలోకు ఇంత అని పెంపకం చార్జీ ఇస్తారు. షెడ్డుకు బ్యాంకులో తెచ్చిన అప్పు తీరాలంటే బ్యాచ్ తర్వాత బ్యాచ్ వేస్తూనే ఉండాలి, కంపెనీ పిల్లలు ఇవ్వకపోతే షెడ్డు ఖాళీ. ఎక్కువ చోటు ఇద్దామన్నా, మందు తగ్గిద్దామన్నా ఆ రైతు చేతిలో ఏమీ లేదు. గుడ్ల వైపు పరిస్థితి కొంత మెరుగు. 1982లో వెంకటేశ్వర హేచరీస్ స్థాపకుడు బి.వి.రావు చొరవతో జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ (ఎన్ఈసీసీ) ఏర్పడి దళారీల చేతిలోని ధరను రైతుల చేతికి తెచ్చింది, ఆ మేలు కాదనలేం. అయితే దాణా ధర పెరిగి గుడ్డు ధర పడిపోయిన ప్రతిసారీ చిన్న ఫారాలు మూతపడి పెద్దవి ఇంకా పెద్దవవుతున్నాయి.

అసలు అభ్యంతరం ధర. గుడ్డు తక్కువ ధరకు దొరుకుతోంది కాబట్టే కూలి ఇంట్లో పిల్లలకు మాంసకృత్తులు అందుతున్నాయి, కేజ్ తీసేస్తే ధర పెరుగుతుంది కదా అంటారు. పెరుగుతుంది. దాన్ని దాచి మాట్లాడటం మోసం. కానీ ఇప్పటి ధరలో చేరని ఖర్చులున్నాయి. ఐసీయూ బిల్లు కట్టేది రోగి. బర్డ్ ఫ్లూ వస్తే నష్టపరిహారం కట్టేది ఖజానా. ఈగలు భరించేది ఊరు. అవన్నీ కలిపితే గుడ్డు ఇప్పటికే చవక కాదు, ధరలో కొంత భాగం మనకు కనపడకుండా వేరేవాళ్లు కడుతున్నారంతే.

మారడం అసాధ్యమేమీ కాదు. యూరోపియన్ యూనియన్‌లో గూడూ కర్రా లేని ఉత్తి కేజ్‌లను 2012 జనవరి నుంచి నిషేధించారు. రోగం లేకుండా మంద మొత్తానికి అలవాటుగా యాంటీబయాటిక్ కలపడాన్ని 2022 జనవరి నుంచి ఆపేశారు. అంతకు చాలా ముందు నుంచే నెదర్లాండ్స్ పదేళ్లలో పశువుల యాంటీబయాటిక్ అమ్మకాన్ని దాదాపు 70 శాతం తగ్గించింది, అయినా అక్కడి పరిశ్రమ మూతపడలేదు. మన చట్టం కూడా వట్టిది కాదు. జంతువు కదలడానికి వీల్లేని బోనులో ఉంచడం నేరమని 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షనే చెబుతోంది. 2017లో లా కమిషన్ తన 269వ నివేదికలో బ్యాటరీ కేజ్‌లనే ఈ తీగల కేజ్‌ల గురించి రాసింది. ఆ తర్వాత కేంద్రం కోడికి 550 చదరపు సెంటీమీటర్ల లెక్కను ముందుకు తెచ్చింది. అయినా ఏ4 కాగితం కంటే తక్కువే.

ప్రత్యామ్నాయం కోసం దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ అనే పెరటి జాతుల్ని ఎప్పుడో తయారు చేసింది. నాటుకోడి కంటే రెండు మూడు రెట్లు గుడ్లు పెడతాయి, పెరట్లో తిరిగి బతుకుతాయి. 2019 పశుగణనలో దేశంలోని 85 కోట్ల కోళ్లూ ఇతర పెంపుడు పక్షుల్లో దాదాపు 32 కోట్లు పెరటివే. వీటితోనే నగరాలకు గుడ్లు సరిపోతాయని కాదు. సరిపోవు. ఊళ్లలో అంగన్‌వాడీకి, బడికి కావాల్సిన గుడ్లలో కొంత భాగం స్వయం సహాయక సంఘాల మహిళలు పెంచే కోళ్ల నుంచి తీసుకోవచ్చు. మిగతా వాటికి కేజ్ లేని షెడ్డులున్నాయి, ఊక నేల, గుడ్డు పెట్టుకోవడానికి గూళ్లు, ఎక్కి కూర్చోవడానికి కర్రలు ఉన్నవి.

గుడ్లు కొనేవాళ్లలో రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ చాలా పెద్దవి. బడి భోజనానికీ అంగన్‌వాడీలకూ గుడ్లు టెండర్ పిలిచి కొంటాయి. గుడ్డు ఎంత బరువుండాలో ఆ టెండర్‌లో రాస్తారు. దారిలో మాయం కాకుండా, పాత గుడ్డు రాకుండా రంగు ముద్రలు వేయించిన సందర్భాలూ ఉన్నాయి. అంత పట్టింపు ఉన్నచోట ఇంకో రెండు షరతులు చేర్చడం కష్టమేమీ కాదు: దాణాలో, నీళ్లలో రోగం లేకుండా యాంటీబయాటిక్ కలపని ఫారం నుంచే రావాలి, ఏటా కొంత శాతం చొప్పున కేజ్ లేని ఫారాల గుడ్లు పెరగాలి. కొనేవాడు ముందే మాటిస్తే షెడ్డు మార్చడానికి రైతుకు బ్యాంకు అప్పిస్తుంది. కొనేవాడు అడగనంత కాలం కంపెనీకి మారే అవసరం లేదు. వచ్చే టెండర్ పిలిచే ముందు ఈ రెండు షరతుల మాట ఎమ్మెల్యేను, జిల్లా కలెక్టర్‌ను అడగడానికి మాంసం మానేయాల్సిన పనిలేదు.